టు తర్వాత

మిట్టూరులో టైర్లకు రీట్రేడింగ్ చేసే షాపు మీద
నా సాయంత్రం క్లాసు.
కింద రబ్బరు ఉడుకుతుంటుంది,
పైన పదకొండు మందిమి, ఒక ఫ్యాను.
ఆ రోజు బోర్డు మీద రాసింది
వాంటెడ్ టు గో.

మొదటి క్రియకే కాలం, అన్నాను.
టు దాటినాక కాలం ఉండదు.
నరహరిపేట చెక్‌పోస్టు అనుకోండి,
సరుకంతా అక్కడే దించేసి
ఉత్త బండి అవతలికి పోవాలి.
నా పోలికకు నేనే మురిసిపోయాను.

స్కూటర్ మెకానిక్ ఇర్ఫాన్ లేచి
ఐ వాంటెడ్ టు వెంట్ బెంగళూరు అన్నాడు.
పోయినావా?
పోలేదు సార్.
పోనప్పుడు వెంట్ ఎందుకు మరి?
అందరూ నవ్వారు.
చివరి బెంచీలో దేశమ్మ మాత్రం
నా మాటను నోటుబుక్కులో రాసుకుంది.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
డబ్బాలకు లేబుళ్లు అంటిస్తుంది ఆమె.
జూన్ నెల కదా,
గోళ్ల అంచుల్లో తోతాపురి పసుపు.
సూపర్‌వైజర్ పోస్టుకు ఇంటర్వ్యూ ఉందని
చేరేటప్పుడు చెప్పింది, అంతే.

ఇంట్లోవాళ్ల గురించి అయిదు వాక్యాలు రాయమన్నాను.
ఆమె మూడో వాక్యం
హి ట్రైడ్ టు స్టాప్డ్ ద లారీ.
ఎర్ర పెన్నుతో తోక కోసేశాను.
మర్నాడు నా ఎర్రగీత పక్కనే
నీలం సిరాతో
ఆ తోక మళ్లీ మొలిచి ఉంది.

టు తర్వాత రాదని చెప్పాను కదమ్మా.
"నిలబెట్టినాడు కదా సార్" అంది.

మొగిలి ఘాట్ దిగుతా ఉంటే బ్రేకులు పోయినాయంట.
ఎదురుగా పలమనేరు బస్సు.
కొండ వైపు తిప్పి
బండను రాతికి ఆనించినట్టు
లారీని కొండకు ఆనించినాడు చెంగల్రాయుడు.
బస్సులో ముప్పై ఎనిమిది మంది,
ఒకరికి కూడా గీరుకోలేదు.

"మీరు ఉత్త స్టాప్ పెడితే
ఆపాలని చూసినాడు, ఆగలేదు
అన్నట్టు ఉండాది సార్.
ఇర్ఫాన్ పోలేదు గాబట్టి గో.
మీరే చెప్తిరి.
మాయన ఆపినాడు."

బోర్డు వైపు తిరిగి
తుడవాల్సింది ఏమీ లేకపోయినా తుడిచాను.

మన వాక్యంలో కాలం చివర ఉంటుంది,
లారీ వెనక ఎర్రలైటులా.
అది కనిపించేదాకా ఆగి వినాలి.
ప్రయత్నాన్ని మనం చూపు అంటాం:
ఆపాలని చూశాడు.
ఇంగ్లీషులో కాలం డ్రైవరు సీట్లో కూచుంటుంది.
ట్రైడ్ అన్నాక
వెనక బండికి ఏమైందో
ఆ సీటు చెప్పదు.

వెతికి వెతికి
మేనేజ్డ్ టు స్టాప్ అని రాసిచ్చాను.
ఆపగలిగాడని అర్థం, ఆగినట్టే లెక్క.

చాలాసేపు చూసింది.
"మేనేజ్ అంటే సర్దుకోవడం కదా సార్,
జీతం చాలకపోతే నెలాఖరులో
మేము చేసేది.
ఆయన సర్దుకోలేదు."

నా చేతిలోంచి ఎర్ర పెన్ను తీసుకుంది.
ట్రైడ్ కొట్టేసింది.
టు కొట్టేసింది.
హి స్టాప్డ్ ద లారీ.
నేను దిద్దడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడు చూశాను నాలుగో వాక్యం,
ముందురోజు టిక్కు పెట్టి దాటిపోయింది.
హి ఫర్గాట్ టు టేక్ ద క్యారియర్.
ఇది మాత్రం తప్పు లేకుండా ఎట్లా రాశావు?

"తీసకపోలేదు కదా సార్.
పొద్దుగూకిందాకా గూట్లోనే ఉండె."

అయిదో వాక్యం అంకె ఒక్కటే ఉంది,
దాని పక్కన చుక్క.

రిమెంబర్డ్ టు అని ఒకటుందని,
జ్ఞాపకంగా చేసేసిన పనికి కూడా
ఆ భాష టు తర్వాత కాలం ఇవ్వదని,
ఆమె రూలు అక్కడ చెల్లదని,
అసలది రూలే కాదు
నేను నవ్వించడానికి అన్న మాటని
మెట్లు దిగుతున్న దేశమ్మకు
చెప్పాలనుకున్నాను.